మా వసారాలో రంగం

పర్చూరు నల్లరేగడిలో నాలుగు చినుకులు పడితే చెప్పులు చేతిలోకి రావాల్సిందే. నా చిన్నతనంలో, అంటే 1950ల చివర, 60ల మొదట్లో, సాగరు నీళ్లు ఇంకా రాలేదు. ప్రకాశం జిల్లా అనేదే లేదు, మాది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు వైపుకి వెళ్లాం, 2022లో బాపట్ల వైపుకి వచ్చాం. ఊరు ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండా మూడు జిల్లాలు చూసింది.

మా పెద్దవాళ్లకి రెండో ప్రపంచ యుద్ధమంటే కిరసనాయిలు దొరక్కపోవడం, బట్టకి కటకట, చీరాలకు వెళ్లొచ్చిన ప్రతివాడూ మోసుకొచ్చే పుకార్లు. బర్మా బియ్యం ఆగిపోయి దేశమంతా గోలగా ఉన్నప్పుడు కూడా మాకు పెద్దగా తెలియలేదట. జొన్న తినే ఊళ్లో బియ్యం పండక్కే కదా. మా ఇంట్లో మాత్రం ఆ యుద్ధం నేను పుట్టాక కూడా అయిపోలేదు. వసారాలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తూ ఉండేది.

ఆమె మా నాయనమ్మకి సొంత చెల్లెలు. వరసకి చిన్ననాయనమ్మ. ఊరందరికీ రంగమ్మాయి, మా పిల్లలకి రంగం నాయనమ్మ. రంగం అంటే రంగూనేనని, నాటకంలో చెప్పే రంగం కాదని నాకు బడికి వెళ్లాకే తెలిసింది. మనిషి పొట్టి, గట్టి. తల్లో కొప్పు పక్కకు వేసుకునేది, మా ఊళ్లో ఎవరూ అలా వేసుకోరు. బయటికి వెళ్తే ఎండలేకపోయినా గొడుగు. బస్సు మాట ఎత్తితే ట్రాము గురించి చెప్పేది.

మాఘమాసం వచ్చిందంటే మా కల్లంలో మిరపకాయలు ఎండేవి. పగలు పరచడం, పొద్దుగూకేసరికి పోగెయ్యడం, మంచు పడకుండా కప్పడం. ఎండినవాటిలో తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబారినవి, ఏరి వేరే పొయ్యాలి. తాలు ఎక్కువ కలిస్తే గుంటూరు మార్కెట్లో షావుకారు బస్తాలో చెయ్యి పెట్టిన క్షణంలో ధర దిగిపోతుంది. ఆ ఏరుడు ఆడవాళ్ల పని. చేతులకి ఆముదం రాసుకుని, ముక్కుకి పైట చుట్టుకుని, అయినా దగ్గుతూ తుమ్ముతూ కళ్లు ఒత్తుకుంటూ ఏరేవాళ్లు. రంగం నాయనమ్మకి దగ్గు రాదు. గుడ్డ కట్టదు. కాయని చూడకుండా వేలితో నొక్కి, తాలో మంచిదో తెలుసుకుని, ఎడమకో కుడికో విసిరేది. చేతులు వాటి పని చేసుకుపోతుంటే నోరు రంగూన్‌లో ఉండేది. నేను విన్నదంతా ఆ కల్లాల్లో విన్నదే. వరసగా కాదు. ఒక ఏడు చెప్పిన ముక్కకి మరుసటేడు తోక దొరికేది.

మా వైపు నుంచి బర్మా వెళ్లినవాళ్లు తక్కువ. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి రేవుల నుంచి స్టీమర్లు, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషులు. గోదావరి జిల్లాలు, విశాఖ, శ్రీకాకుళం వైపు కరువొచ్చినా అప్పులొచ్చినా రంగమే దారి. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోసే పనిలో, పాకీ పనిలో, రిక్షా లాగుడులో తెలుగువాళ్లే. కోరంగి రేవు పేరే బర్మా వాళ్ల నోట్లో మనవాళ్లకి పేరైపోయింది, అది గౌరవంగా పిలిచే పేరు కాదు. యుద్ధానికి ముందు ఆ దేశంలో భారతీయులు పది లక్షలు. రంగూన్ ఊళ్లో సగానికి పైగా మనవాళ్లే. మా చిన్నతాత కాకినాడ వైపు మనిషి. చీరాల పొగాకు కంపెనీలో గుమాస్తాగిరీకి వచ్చి, మా ఇంటి పిల్లని చేసుకుని, అది చాలక 1936లో రంగం ఎక్కించేశాడు. అక్కడ బియ్యం మిల్లులో లెక్కలు రాసేవాడట.

అప్పటికి ఆరేళ్ల ముందు, 1930 మేలో, రేవులో తెలుగు కూలీల సమ్మె దగ్గర మొదలై పెద్ద కొట్లాట జరిగింది. సమ్మె కట్టినవాళ్ల స్థానంలో బర్మా వాళ్లని పనిలో పెట్టి, సమ్మె తేలాక వాళ్లని పొమ్మన్నారు. కడుపు మండినవాళ్లూ కూటికి లేనివాళ్లూ ఒకరినొకరు నరుక్కున్నారు. మధ్యలో ఉన్న స్టీమరు కంపెనీలకి గీటు కూడా పడలేదు. ఈ కథ నాయనమ్మ చూసింది కాదు, ఇరుగుపొరుగు చెప్పగా విన్నది. కానీ ఆమె మాటల్లో ఆ భయం ఉండేది. "వాళ్ల దేశంలో వాళ్లకి కూలి లేకుండా చేశామురా, కోపం రాదూ?" అనేది. కల్లంలో కూర్చున్న మా ఆడవాళ్లకి ఈ న్యాయం ఎక్కేది కాదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. అప్పటిదాకా విమానం అంటే వింత కాబట్టి జనం వీధుల్లోకి వచ్చి తలెత్తి చూస్తూ నిలబడ్డారట. అలా చూస్తూనే వేలమంది పోయారు. క్రిస్మస్ నాడు మళ్లీ వేశారు. ఊరు ఖాళీ అవడం మొదలైంది. కూలీలు పోతే రేవు నిలిచిపోతుందని ప్రోము రోడ్డు మీద వెళ్తున్నవాళ్లని నచ్చజెప్పి వెనక్కి తిప్పారు. వెనక్కి తిరిగినవాళ్లలో మా చిన్నతాత ఒకడు. నెల తర్వాత మళ్లీ బయల్దేరాల్సి వచ్చింది. అప్పటికి ఓడలో చోటు అంటే డబ్బు, పరపతి ఉన్నవాళ్ల మాట. మార్చి 8 నాటికి రంగూన్ జపాను చేతిలో పడింది.

వీళ్లు ప్రోము దాకా వెళ్లి, ఐరావతి దాటి, టౌంగప్ కనుమ ఎక్కారు. ఆ కనుమ అవతల సముద్రం, అక్కడి నుంచి పడవల మీద అక్యాబు, చిట్టగాంగు. కనుమలో నీళ్లు లేవు, కలరా ఉంది. దారి పక్క పల్లెల్లో వెదురు బొంగుతో కొలిచి నీళ్లు అమ్మారని, బొంగు నీళ్లకి గాజులు ఒక్కొక్కటీ తీసి ఇచ్చానని ఆమె చెప్పేది. ఏ గాజు ఎక్కడిచ్చిందో కూడా చెప్పేది. చిన్నతాత గురించి మాత్రం ఒకటే ముక్క: "ఆయన నాలుగో మజిలీలో ఆగిపోయాడు." ఆ మాటన్నాక ఒక కాయ తీసి ఎటు వెయ్యాలో తెలియనట్టు కాసేపు పట్టుకునేదని రాస్తే బాగుంటుంది కానీ అలా ఏం జరిగేది కాదు. చెయ్యి ఆగేది కాదు. వెంటనే అక్యాబులో తిన్న అరటిపండ్ల సంగతికి వెళ్లిపోయేది.

కలకత్తాలో మార్వాడీలు అన్నం పెట్టారు, రైలుకి టికెట్టు అడగలేదు. చీరాల స్టేషన్లో దిగి, పరిచయమున్న సాలెవాళ్ల ఇంట్లో ఒక చీర అడిగి కట్టుకుని, మా ఊరి బండి ఏదైనా వచ్చిందా అని సంతలో వెతుక్కుని పర్చూరు చేరింది. మా ముత్తాత ఎదురొచ్చి ఏడ్చాడు. ఏడ్చి, లోపలికి మాత్రం రానివ్వలేదు. రంగం నుంచి వచ్చేవాళ్లు కలరా తెస్తున్నారని ఊళ్లో దండోరా లాంటి మాట. పది రోజులు గొడ్ల సావిడిలో ఉంచారు. అన్నం గడప దగ్గర పెట్టి వచ్చేవాళ్లట. పదకొండో రోజు తలంటి పోసి వసారాలోకి తెచ్చారు. "సావిడిలో ఈనిన గేదె ఉంది, దాని ఒంటి వేడికి హాయిగా నిద్రపట్టింది, మూడు నెల్ల తర్వాత నిద్ర" అని ఆమె అంటే మా నాయనమ్మ అక్కణ్నించి లేచి వెళ్లిపోయేది. అక్కకి ఆ సిగ్గు ఇరవై ఏళ్లయినా పోలేదు.

ఆమె వచ్చిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. చీరాల నుంచి ఆ వార్త తెచ్చినవాడు ఆమె వైపు చూశాడట, ఆమే వెంటబెట్టుకొచ్చినట్టు.

ఇవన్నీ ఒక ఇంటి ముచ్చట్లని అనుకుంటూ పెరిగాను. కాలేజీ రోజుల్లో సెలవులకి వేటపాలెం సారస్వత నికేతనంలో కూర్చుని పాత పత్రికల కట్టలు తిరగేయడం అలవాటైంది. 1942 కట్టలు విప్పితే మా వసారా మనిషి ఒంటరిది కాదని తెలిసింది. నాలుగైదు లక్షల మంది అలా నడిచారు. దారిలో పోయినవాళ్లు పదివేలల్లో ఉంటారు, వాళ్లని లెక్కబెట్టిన నాథుడు లేడు. ఉత్తరాన టాము నుంచి మణిపూరు వైపు వచ్చే దారిలో ఇంకో సంగతి. అక్కడ దారులు రెండయ్యాయి. మజిలీలు, తిండి, మోతకూలీలు ఉన్న దారి దొరలకీ దొరసానులకీ. నిటారు కొండల దారి మనవాళ్లకి. తెల్లదారి, నల్లదారి అని జనమే పేర్లు పెట్టారు. హృదయనాథ్ కుంజ్రూ వంటి పెద్దలు ఇంఫాల్ వైపు వెళ్లి కళ్లారా చూసి వచ్చి పక్షపాతం నిజమేనన్నారు. గాంధీగారు హరిజన్‌లో ఆ అన్యాయాన్ని ఎత్తి చూపారు. క్విట్ ఇండియా నాటి కోపంలో ఈ కాలిబాటల వాటా ఎంతో పాఠ్యపుస్తకాలు చెప్పవు.

అదే ఏడాది, అదే సర్కారు కింద ఉన్న మన దేశానికి ఇంకో కాందిశీకుల వరస వచ్చింది. వాళ్లు పోలండు పిల్లలు. 1940లో రష్యా వాళ్లు తూర్పు పోలండు కుటుంబాలని రైళ్లకెక్కించి సైబీరియాకీ కజకిస్తాన్‌కీ తోలారు. 1941లో హిట్లరు రష్యా మీద పడ్డాక ఒప్పందం కుదిరి వదిలేస్తే, తల్లీతండ్రీ పోయిన పిల్లలు మధ్య ఆసియా అంతా చెల్లాచెదురై ఉన్నారు. వాళ్లని ఎక్కడ దించాలన్నది ప్రశ్న. ఐరోపా మండిపోతోంది. దొరలకి గుర్తొచ్చింది వాళ్ల వలసలు. టాంగన్యికాలో టెంగేరు అనే చోట కిలిమంజారోకి దగ్గర్లో ఐదు వేల మందికి గుడిసెలు వేశారు. ఉగాండాలో వేశారు. మన దగ్గర కొల్హాపూరు పక్కన వలివడెలో 1943 నుంచి ఐదేళ్లు ఓ పోలండు ఊరే వెలిసింది, బడి, చర్చి, నాటకాలతో సహా. అన్నిటికంటే ముందు, 1942లోనే, నవానగరు జాంసాహెబు దిగ్విజయసింహ్‌జీ బాలాచడిలో తన వేసవి విడిది పక్కన చోటిచ్చాడు. క్రికెట్ రంజీ సోదరుడి కొడుకు ఈయన. ఖర్చెవరిది, బాధ్యత ఎవరిదని ఢిల్లీలో కాగితాలు తిరుగుతుంటే పిల్లలు నావాళ్లన్నాడు. ఇవాళ వార్సాలో మంచి మహారాజు పేరుతో ఒక కూడలి ఉంది.

ఆ పిల్లలని లారీల్లో తీసుకురావడానికి సాయం నడిపిన పెద్దల్లో కీరా బనాసిన్‌స్కా ఒకరు. బొంబాయిలో పోలండు కాన్సలు భార్య, రెడ్‌క్రాస్ పని చూసింది. యుద్ధం అయ్యేసరికి పోలండులో ప్రభుత్వం మారింది, భార్యాభర్తలిద్దరూ వెనక్కి పోలేకపోయారు. కాందిశీకులకి నీడ వెతికిన మనిషి తనే కాందిశీకురాలై మన హైదరాబాదులో బతికి, అక్కడే కన్నుమూసింది. నేను ఉద్యోగం చేసిన ఊళ్లో, నేనున్న కాలంలోనే. ఆ సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను.

దొరల కరుణ అందరి మీదా సమంగా పడిందనుకోనక్కర్లేదు. హిట్లరు నుంచి పారిపోయి పాలస్తీనా ఒడ్డుకి చేరిన యూదులని, చొరబాటుదార్లని ముద్రవేసి, 1940 డిసెంబరులో పదిహేను వందల పైచిలుకు మందిని మారిషస్‌కి ఓడలో పంపించేశారు. మన తెలుగువాళ్లు చెరకు నరకడానికి వెళ్లిన ఆ దీవిలోనే, బో బాసాఁ జైల్లో, 1945 దాకా ఉంచారు. వంద మందికి పైగా అక్కడే పోయారు. తెల్లతోలు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఏ కాగితం చేతిలో ఉందన్నదీ చూస్తారు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు పోలండు పిల్లల మీద ఈసు లేదు. సైబీరియాలో తల్లిని పాతిపెట్టి వచ్చిన పిల్లవాడికి గుజరాత్ సముద్రపుటొడ్డున ఎవరైనా రొట్టె పెడితే సంతోషించని వాడు మనిషి కాడు. నేననేది వేరు. టెంగేరులో గుడిసెలు కట్టించిన సర్కారుకి టౌంగప్ కనుమలో నాలుగు కుండల నీళ్లు పెట్టించడం చేతకాలేదంటే నమ్మను. రంగూన్‌లో బియ్యం ఎగుమతి చేసి డబ్బు చేసుకున్నంత కాలం మా చిన్నతాత వాళ్ల సామ్రాజ్యంలో మనిషి. బాంబు పడ్డ రోజు నుంచి తన దారి తను చూసుకోవాల్సిన మనిషి. బాలాచడిలో తలుపు తీసింది ఒక రాజు, పర్చూరులో తలుపు తీసింది, పది రోజులు ఆలస్యంగానైనా, మా ముత్తాత. సర్కారు రెండు చోట్లా వెనకే ఉంది.

నా పన్నెండో ఏట మా వసారాకి రంగం మళ్లీ వచ్చింది. బర్మాలో 1962లో నె విన్ సైన్యంతో గద్దెనెక్కి, దుకాణాలనీ మిల్లులనీ జాతీయం చేశాడు. 1964 మేలో యాభై, వంద చాట్ల నోట్లు రాత్రికి రాత్రి చెల్లవన్నాడు. యుద్ధం తర్వాత తిరిగి వెళ్లినవాళ్లూ, అసలు కదలనివాళ్లూ మళ్లీ ఓడలెక్కారు. మద్రాసులో దిగారు, విశాఖపట్నంలో దిగారు. నగలు, రొక్కం తెచ్చుకోనివ్వలేదు. మా చిన్నతాత మేనల్లుడూ, భార్యా, ముగ్గురు పిల్లలూ విశాఖలో దిగి, కాకినాడలో ఎవరూ మిగల్లేదని తేలి, చివరికి అత్తను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. 1965 మిరపకోతల కాలం. ఈసారి ఎవర్నీ సావిట్లో పడుకోబెట్టలేదు.

ఆయన తెలుగు మాకు తమాషాగా ఉండేది. శ్రీకాకుళం యాస, గోదావరి సాగదీత, మధ్యలో హిందీ. పిల్లలు మాతో తెలుగులో, వాళ్లలో వాళ్లు బర్మా భాషలో మాట్లాడుకునేవాళ్లు. మేం దగ్గరికి వెళ్తే నోరు మూసేసేవాళ్లు. బళ్లో వాళ్లని చేర్చుకోవడానికి పుట్టిన తేదీ కాగితం కావాలన్నారు. అది రంగూన్‌లో ఉండిపోయింది. ఆయన ట్రంకుపెట్టె అడుగున చెల్లని వంద చాట్ల నోట్ల కట్ట ఉండేది. మేం వాటితో కొట్టు ఆట ఆడితే ఆయన ఏమీ అనేవాడు కాదు కానీ, సాయంత్రం లెక్కబెట్టి మళ్లీ కట్ట కట్టేవాడు.

ఆ పెట్టెలోనే ఒక చెక్క ముక్క ఉంది. తనకా అంటారట. సాన మీద నాలుగు చుక్కల నీళ్లేసి అరగదీస్తే పసుపుతెలుపు గంధం వస్తుంది, చల్లగా చందనం వాసన లాంటిదే కానీ చందనం కాదు. ఆయన భార్య, రంగం నాయనమ్మకి కోడలు వరస, రోజూ ఉదయం బుగ్గల మీద అది గుండ్రంగా రాసుకునేది. వచ్చిన మూడో నాడో నాలుగో నాడో, సాన కడగబోతుంటే రంగం నాయనమ్మ ఆపింది. మిగిలింది వేలితో తీసి వాసన చూసింది. ఆ పూట కల్లానికి వెళ్లేటప్పటికి ఆమె రెండు బుగ్గల మీద రెండు గుండ్రటి మచ్చలు. ముండమోసిన మనిషికి ముఖాన గంధమేంటని ఏరుడుకి వచ్చినవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఒకావిడ అనేసింది కూడా. "ఎండకి రాసుకున్నానే, నీకేం నెప్పి?" అంది నాయనమ్మ. ఆ తర్వాత రోజూ రాసుకుంది. మా నాయనమ్మ నోరెత్తలేదు.

ఓడరేవు వైపు నుంచి ఎండురొయ్యలు అమ్మేవాళ్లు వచ్చేవాళ్లు. కోడలు వాటిని దంచి, వెల్లుల్లి, ఉల్లి, మా కల్లంలో మిరపకాయలు నూరి, నూనెలో కరకరలాడేలా వేయించి సీసాకెత్తేది. బలచాంగ్. జొన్నన్నంలోకి అంత రుచి నేను మళ్లీ ఎరగను. రంగం నాయనమ్మ మొదటి ముద్దకే దగ్గింది. ఇన్నేళ్లలో ఆమె మిరపకాయకి దగ్గడం మేం చూసిన మొదటిసారి అదే, అందరం పడీపడీ నవ్వాం. నూనె ఎక్కువ మాడ్చావని కోడల్ని తిట్టింది. తిట్టింది బర్మాలో.

రెండు కోతలు మా ఊళ్లో ఉన్నారు. ఆయన కూలికి వెళ్లాడు, గుంటూరు బస్తాల లారీల మీద వెళ్లాడు, పొగాకు బ్యారన్లో మంట పెట్టాడు. ఏదీ అతకలేదు. రంగూన్‌లో టైలరింగు షాపు నడిపిన చేతులు అవి. కాందిశీకులకి సర్కారిచ్చే అప్పు కోసం అర్జీ పెడితే కలెక్టరాఫీసుకి, తాలూకాఫీసుకి మధ్య ఆ కాగితం ఆయనకంటే ఎక్కువ దూరం తిరిగింది. అప్పటికే విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా నుంచి వచ్చినవాళ్లు ఒకచోట చేరారు. ఆ పేటని ఇప్పటికీ బర్మా క్యాంపు అంటారు. అక్కడైతే తెలిసినవాళ్లుంటారని వెళ్లడానికి సిద్ధపడ్డారు.

ఎవరూ అనుకోనిది ఏమిటంటే, రంగం నాయనమ్మ కూడా మూట కట్టుకుంది. పుట్టిన ఊరు, అక్క ఉన్న ఇల్లు, ఇరవై నాలుగేళ్లు కూర్చున్న వసారా. మా నాన్న అడ్డుపడ్డాడు, పిన్నీ నీకేం తక్కువ చేశామని అడిగాడు. ఏం తక్కువ చెయ్యలేదంది. మరెందుకంటే, "అక్కడ నాతో రంగం గురించి మాట్లాడేవాళ్లుంటారు, ఇక్కడ వినేవాళ్లే ఉన్నారు" అంది. మా నాన్న చాలా కాలం అలిగాడు. పండక్కి ఉత్తరం కూడా రాయలేదు. మా నాయనమ్మ మాత్రం ఏటా ఫాల్గుణంలో ఒక సంచి మిరపకాయలు విశాఖ వెళ్లే లారీవాడి చేతికి ఇచ్చేది.

ఉద్యోగం ఇంటర్వ్యూకని 1974లో విశాఖ వెళ్లినప్పుడు వెతుక్కుంటూ బర్మా క్యాంపుకి వెళ్లాను. సాయంత్రం వేళ, వీధి చివర బండి. కోడలు పొయ్యి దగ్గర నూడుల్స్ కలుపుతోంది, రంగం నాయనమ్మ గల్లాపెట్టె దగ్గర గొడుగు కింద కూర్చుని ఉంది. ముఖాన తనకా. చుట్టూ నిలబడి తింటున్నవాళ్లకి నన్ను చూపించి బర్మా భాషలో ఏదో చెప్పింది, అందరూ నావైపు చూసి తలూపారు. నాకు ఒక గిన్నె పెట్టించింది. తిన్నాక ఇంకొకటి పెట్టించింది. లేచి చెయ్యి కడుక్కుని వెళ్తానంటే, "రెండు గిన్నెలు, రూపాయి" అని చెయ్యి చాచింది.